వల చిరిగిననాడు: డెస్క్‌టాప్ అనువర్తన నిర్మాణ సాధనముల సమీక్ష

నెల్లూరు సీమలో పెన్న సముద్రమును గలియు చోటికి ఇరువంకలను గల పట్టపుపాళెములలో, వేకువజామున పడవలు ఒడ్డు చేరిన తరువాత కానవచ్చు దృశ్యము చేపల వేలముతోనే ముగియదు. ఎండ యెక్కకమునుపే ఇసుకపై వలలు పఱచి, చిరుగులను వెదకి, దారపు కండె చేతబట్టి కూర్చుండు మనుష్యులు ప్రతిదినమును కానవత్తురు. ఆ నైలాను వల ఏ దూరపుటూరి కార్ఖానాలోనో పుట్టినది. దాని పుట్టుకతో ఈ తీరమునకు సంబంధము లేదు. ఐనను దాని ఆయువు మాత్రము ఈ ఒడ్డున దానిని కుట్టుకొనగల చేతులపైననే ఆధారపడియున్నది. కంప్యూటరు ప్రోగ్రాములను నిర్మించు సాధనములను పోల్చిచూడ బూనినప్పుడెల్ల నాకు ఈ దృశ్యమే ప్రమాణముగ తోచుచున్నది. ఒక సాధనము ప్రోగ్రామును ఎంత వేగముగ పుట్టించుననుట చిన్న ప్రశ్న. పుట్టిన ప్రోగ్రాము చిరిగిననాడు దానిని ఇచ్చటనే, మన చేతులతోనే, కుట్టుకొనగలమా యనునది పెద్ద ప్రశ్న. ఈ పెద్ద ప్రశ్న వెలుగులోనే ఓపెన్ సోర్స్ సాధనములను వరుసగ పరిశీలింప దలచితిని.

డెస్క్‌టాప్ అనువర్తనముతో ఈ తీరమునకు ఏమి పని, చేతిలో ఫోనున్నది గదా యనువారు కలరు. గుంటగట్టున నిలిచి నీటి కొలతను గుర్తు వేసికొనుటకు ఫోను మేలైనదే. కాని ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలములలో రొయ్యల సాగు చేయు రైతు ఒక్క పంటకాలములో కూడబెట్టు లెక్కలు అల్పములు కావు. గుంటలో వదలిన సీడెంత, పూటపూటకు వేసిన మేతయెంత, చెక్ ట్రేలో మిగిలినదెంత, నీట కరిగిన ప్రాణవాయువును పీహెచ్‌యు ఉప్పుశాతమును ఏ పూట ఎంతెంత, ఏరియేటర్లకు అయిన కరెంటెంత, డీజిలెంత, పట్టుబడినాడు కిలోకు ఎన్ని రొయ్యలు తూగినవి? ఈ కడపటిదానినే కౌంటందురు. ధర దానినిబట్టియే తేలును. ఇవన్నియు ఒకదానితో నొకటి పెనవేసికొన్న లెక్కలు. 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి టైగరు రొయ్యను తుడిచిపెట్టినది. 1996 డిసెంబరు 11న తీరప్రాంతపు రొయ్యల సాగుపై సుప్రీము కోర్టు తీర్పు వెలువడినది. 2005లో తీరప్రాంత ఆక్వాసాగు ప్రాధికార సంస్థను స్థాపించు చట్టము వచ్చినది. 2009లో వనామీ రొయ్య సాగునకు అనుమతి లభించినది. ఇన్ని మలుపులు తిరిగిన పరిశ్రమలో, ఒక గుంట నష్టపోయిననాడు కారణమును వెదకుటకు రైతు చేతి దినచర్య తప్ప వేఱొక సాక్ష్యము లేదు. ఆ లెక్కలను నింపుటకును, గడచిన పంటతో పోల్చుటకును, అచ్చుతీసి వ్యాపారికో బ్యాంకునకో చూపుటకును బల్లపై నుండు యంత్రమే అనువైనది. మేత దుకాణమునకును, మంచు కార్ఖానాకును ఇదే మాట వర్తించును.

కావున తెలుగులో నడచు ఒక 'గుంట లెక్కల పుస్తకము'ను మనస్సున నుంచుకొని, దానిని నిర్మింపబూనువానికి ఏ సాధనము ఎంతవఱకు తోడ్పడునో విచారింతును. నేను అడుగు ప్రశ్నలు నాలుగు. తెలుగక్షరము తప్పులేక కనబడునా? పాతబడిన యంత్రముపై, నెట్టు అందని పూటలలో కూడ, పని జరుగునా? కరెంటు హఠాత్తుగ పోయినప్పుడు వ్రాసిన లెక్క నిలుచునా? నిర్మించినవాడు ఊరు విడిచిన తరువాత మఱియొకడు దానిని సవరింపగలడా?

ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వాడుకకు వచ్చినదే కాని, ఆ ఉద్యమమునకు మూలము 1983 సెప్టెంబరు 27న రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక. ప్రోగ్రామును ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుటకు, దాని మూలమును చదువుటకు, ఇతరులకు పంచుటకు, సవరించి ఆ సవరణను లోకమునకిచ్చుటకు స్వాతంత్ర్యముండవలెనని ఆయన వాదము. ధర లేకుండుట ఇందులో ముఖ్యము కాదు. ఉచితముగ లభించినను మూలము చూపని ప్రోగ్రాము ముడి కానరాని వలవంటిది. అది చిరిగిననాడు పాఱవేయుట తప్ప గత్యంతరము లేదు.

ఇక మొదటి ప్రశ్న. తెలుగక్షరమును తెరపై నిలుపుట యంత్రమునకు సులభమైన పని కాదు. 'స్త్రీ' యన్నది మన కంటికి ఒక్క అక్షరము. యూనికోడు లెక్కలో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను 6 సంకేతముల వరుస. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కంటికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. ఈ వరుసను చదివి తావత్తును రావత్తును వాటి వాటి తావులందమర్చి, గుడిదీర్ఘమును తలపై నిలిపి, ఒక్క రూపముగ తీర్చు పనికి షేపింగ్ అని పేరు. బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ పెంచి పోషించిన హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా గ్రంథాలయము నేడు ఈ పనిని ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీసు మొదలగువాటియందు నిర్వహించుచున్నది. కావున ఒక నిర్మాణ సాధనమును చేపట్టుటకు ముందు అడుగవలసిన మొదటి మాట, అది అక్షరములను కూర్చునప్పుడు ఇట్టి యంత్రాంగమును ఆశ్రయించుచున్నదా లేదా యనునదియే.

అక్షరమును గూర్చి ఇంత పట్టుదల ఎందులకన, దాని వెనుక ఒక నష్టచరిత్ర యున్నది. యూనికోడు మొదటి కూర్పు 1991లో వెలువడినప్పుడే తెలుగునకు అందు స్థానము లభించినను, చిరకాలము మన పత్రికలును ముద్రణాలయములును తమతమ ఫాంటులకు తమతమ సొంత సంకేతములనే వాడుకొనినవి. ఒకరి వ్రాత మఱియొకరి యంత్రముపై అర్థములేని గుర్తుల గుంపుగ మాఱెను. వాటిని యూనికోడునకు మార్చుటకై వెన్న నాగార్జున 'పద్మ' యను పరివర్తకమును రచింపవలసి వచ్చెను. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాలచెట్టిగారలు నెల్లూరు జిల్లా శిలాతామ్రశాసనములను మూడు సంపుటములుగ ప్రకటింపగలిగిరి. వందలయేండ్లనాటి ఆ వ్రాతలను వారు చదువగలుగుటకు, ఆ లిపి ఏ ఒక్క శిల్పి సొత్తును గాక సర్వజనుల సొత్తగుటయే కారణము. మొన్నమొన్నటి ఫ్లాపీలోని తెలుగును మనము చదువలేకపోవుటకు దాని సంకేతము ఒక్కరి సొత్తగుటయే కారణము. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంటులును, తరువాత వచ్చిన లోహిత్, మండలి, రామభద్ర, సురవరం మొదలగునవియు లోకమునకు స్వేచ్ఛగ లభించుటచేత నేడు ఆ ఇబ్బంది చాలవఱకు తీఱినది. ఇక సాధనము కూడ తన వంతు నెఱవేర్పవలసియున్నది.

సాధనములలో మొదట పేర్కొనదగినది క్యూట్. 1991లో నార్వే దేశపు హోవార్డ్ నోర్డ్, ఐరిక్ షాంబె-ఎంగ్ అనువారు సీ ప్లస్ ప్లస్ భాషలో దీనిని ఆరంభించిరి; 1995లో ఇది లోకమునకు వెలువడినది. 1996 అక్టోబరు 14న జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిక్ దీనిపై కేడీఈ యను స్వేచ్ఛా డెస్క్‌టాపును నిర్మింతమని పిలుపునిచ్చినప్పుడు, క్యూట్ లైసెన్సు పూర్తిగ స్వేచ్ఛగలది కాకపోవుటచేత పెద్ద వివాదము చెలరేగినది. ఆ వివాదఫలితముగనే 1998లో కేడీఈ స్వేచ్ఛా క్యూట్ ప్రతిష్ఠానము ఏర్పడినది; 2000లో క్యూట్ జీపీఎల్ లైసెన్సు క్రిందికిని, 2009లో మఱింత సడలిన ఎల్‌జీపీఎల్ క్రిందికిని వచ్చినది. దాని నిర్మాతల సంస్థయగు ట్రోల్‌టెక్ చేతినుండి 2008లో నోకియాకును, అచ్చటినుండి డిజియాకును, పిమ్మట ప్రత్యేక సంస్థకును యాజమాన్యము మాఱినను, పండ్రెండు మాసములు స్వేచ్ఛా కూర్పు వెలువడనిచో మూలమును మఱింత ఉదారమైన లైసెన్సుతో విడుదల చేయు హక్కు ఆ ప్రతిష్ఠానమునకున్నది. యజమాని మాఱుట పరిశ్రమలో సహజము. యజమాని మాఱినను పనిముట్టు చేజాఱకుండ ముందే వ్రాసికొన్న ఒడంబడికను అపూర్వమని చెప్పవలసినదే.

పనితనములో క్యూట్ మిక్కిలి పుష్టిగలది. వరుసలును నిలువులును గల పట్టికలు, అచ్చుతీయు సౌకర్యము, పటములు, తెరపై మాటలను తెనిగించుటకు ప్రత్యేకమైన లింగ్విస్ట్ అను ఉపకరణము, విస్తారమైన వివరణ గ్రంథము, ఇవన్నియు ఒక్కచోట లభించును. గుంటల హద్దులను, కాలువల దారులను పటముపై గుర్తించుటకు వాడదగిన క్యూజీఐఎస్, 2002లో గారీ షెర్మన్ ఆరంభించినది, దీనిపైననే నిలిచియున్నది; వీఎల్‌సీ, కృత, స్క్రైబస్ కూడ ఇట్టివే. సీ ప్లస్ ప్లస్ కఠినమనువారికి పైథాన్ భాషలో పైసైడ్ అను మార్గము కలదు. ఇక లోపములందు మొదటిది పరిమాణము. చిన్న పనికి పెద్ద సరంజామా వెంటబెట్టుకొని పోవలసివచ్చును. రెండవది, 2020 డిసెంబరులో వచ్చిన క్యూట్ 6 విండోస్ 10కి ముందటి యంత్రములపై నడవదు. పాత యంత్రమున్నవారు 5వ కూర్పుతోనే సరిపెట్టుకొనవలెను.

క్యూట్ లైసెన్సు వివాదమునుండియే మఱియొక పెద్ద వృక్షము మొలిచినది. బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనువారు గింప్ అను చిత్రరచన ప్రోగ్రామునకై నిర్మించుకొన్న జీటీకేను ఆధారము చేసికొని, 1997లో మిగెల్ ది ఇకాజా, ఫెదెరికో మేనా నోమ్ డెస్క్‌టాపును ఆరంభించిరి. జీటీకే సీ భాషలో వ్రాయబడినదైనను పైథాన్, రస్ట్, వాలా మొదలగు అనేక భాషలనుండి వాడుకొనదగినది. అక్షరముల కూర్పునకు ఇది పాంగో అను గ్రంథాలయమును నమ్ముకొనుటచేత తెలుగు నిర్దుష్టముగ కానవచ్చును. లినక్సుపై దీని అందము అందమే. విండోసుపై మాత్రము ఇది పరాయి యింటి అతిథివలె మెలగును. మఱియొక కష్టము కూర్పు మాఱునప్పుడెల్ల మూలమును తిరుగవ్రాయవలసి వచ్చుట. 2011లో 3వ కూర్పు, 2020లో 4వ కూర్పు వెలువడగా, జీటీకేకు జన్మకారణమైన గింప్ సయితము 2025 మార్చిలో గాని 3వ కూర్పునకు చేరుకొనలేకపోయినది. కన్నయింటికే ఇంతకాలము పట్టినప్పుడు, ఒంటరిగ పని చేయు తీరపు నిర్మాత ఆ భారమును మోయగలడాయని ఆలోచింపక తప్పదు.

1992లో ఎడింబరో విశ్వవిద్యాలయమున జూలియన్ స్మార్ట్ ఆరంభించిన డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్ మార్గము వేఱు. ఇది తానుగ బటన్లను గీయదు. విండోసుపై విండోస్ బటన్లను, లినక్సుపై జీటీకే బటన్లను, మ్యాకుపై మ్యాక్ బటన్లను ఎరవు తెచ్చుకొనును. తత్ఫలితముగ ప్రోగ్రాము ఎచ్చటికి పోయినను అచ్చటి మనిషివలెనే కానవచ్చును. తెలుగు కూర్పు కూడ ఆ యా యంత్రముల యంత్రాంగమే చూచుకొనును. ఆడాసిటీ, కైక్యాడ్, ఫైల్‌జిల్లా దీనితో నిర్మింపబడి చిరకాలము నిలిచినవి. ఎరవు తెచ్చుకొన్నదానిలో ఒక్కొక్క యంత్రమున ఒక్కొక్క చిన్న భేదము తలయెత్తుట మాత్రము దీని స్వభావమున నున్నది.

పెక్కురు మఱచినదియు, నా దృష్టిలో ఈ తీరమునకు మిక్కిలి తగినదియునగు సాధనము లాజరస్. ఫ్రీ పాస్కల్ అనువాదకమును ఆధారము చేసికొని 1999లో ఆరంభమై, 2012లో 1.0 కూర్పునకు చేరిన ఈ సాధనమున, తెరను బొమ్మగీసినట్లు గీయుటయు, దాని వెనుక లెక్కను వ్రాయుటయు, పరీక్షించుటయు, ఒక్కచోటనే జరుగును. ఫలితముగ వచ్చునది యంత్రము నేరుగ నడుపు ప్రోగ్రాము. దాని వెంట వేఱొక పెద్ద సరంజామా అవసరము లేదు. చాల పాత విండోస్ యంత్రములపై కూడ నడచును. పాస్కల్ ఇంచుమించు చదివిన మాట చదివినట్లర్థమగు భాష. అందుచేత ఒకడు వ్రాసినదానిని మఱియొకడు అందుకొనుట తేలిక. నేటి కళాశాల విద్యార్థులకు పాస్కల్ పరిచయము లేకపోవుట దీనికి గల పెద్ద కొఱత.

టీకే, జావా, డాట్‌నెట్ అను మూటిని సంగ్రహముగ చెప్పవచ్చును. జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో సృష్టించిన టీకే, పైథాన్‌తో కూడ టీకింటర్ పేర లభించును గనుక నేర్చుకొనువారికి తొలి మెట్టు. కాని లినక్సుపై 8.6 కూర్పువఱకు దీనికి షేపింగ్ యంత్రాంగము లేక తెలుగు ఒత్తులు చెదరి కానవచ్చుటయు, అచ్చుతీయు సౌకర్యము చిరకాలము లేకపోవుటయు, మన లెక్కల పుస్తకమునకు పెద్ద అడ్డంకులు. జావా స్వింగ్ 2017లో వచ్చిన 9వ కూర్పునుండి హార్ఫ్‌బజ్‌ను స్వీకరించినది. పెద్ద సంస్థల కార్యాలయములలో ఇది గట్టి పనిముట్టు. డాట్‌నెట్ లోకమున అవలోనియా మూడు యంత్రములపైనను నడచునది. మైక్రోసాఫ్ట్ వారి మావీ లినక్సును అధికారికముగ ఆదరించుట లేదు.

నేడు యువకులు మొట్టమొదట చేపట్టునది ఎలక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ వారు ఆటమ్ అను ఎడిటరుకై నిర్మించిన ఈ సాధనము, క్రోమియం విహారిణిని (బ్రౌజరును) నోడ్‌తో కలిపి ప్రోగ్రామునందే ఇమిడ్చి, వెబ్ పేజీ వ్రాయ నేర్చినవానిని ఒక్క దినములో డెస్క్‌టాప్ నిర్మాతను చేయును. తెలుగు నిర్దుష్టముగ వచ్చును, రూపకల్పన సులభము, వీఎస్ కోడ్‌వంటి ప్రసిద్ధ ప్రోగ్రాములు దీనితోనే పుట్టినవి. ఐనను ప్రతి ప్రోగ్రాము తనతో ఒక పూర్తి విహారిణిని మోసికొని తిరుగుటచేత డిస్కుమీదను జ్ఞాపకశక్తిమీదను దీని భారము పెద్దది. అంతకంటె గంభీరమైన విషయము, దీని పెద్ద కూర్పులు ఎనిమిది వారములకొకటి చొప్పున వచ్చుచుండగా కడపటి మూడింటికే ఆదరణ యుండుట. క్రియాత్మకముగ ఈ ప్రోగ్రామునకు నిత్యమును ఒక కాపరి కావలెనన్నమాట. 23వ కూర్పునుండి విండోస్ 7, 8 యంత్రములను ఇది విడిచిపెట్టినది. ఆటమ్ ఎడిటరే 2022 డిసెంబరులో ముగిసిపోయినది. మూలము స్వేచ్ఛగలదగుటచేత ఎలక్ట్రాన్ మాత్రము తన దారిన నడచుచున్నది. ఇదే మార్గమున తేలికదనమును కోరినవారికి 2022లో 1.0 కూర్పునకు వచ్చిన టారీ కలదు. అది యంత్రమునందు ముందే యున్న వెబ్ దర్శినిని వాడుకొనుటచేత చిన్నది, కాని రస్ట్ భాషాజ్ఞానమును కోరును. గూగుల్ వారి ఫ్లట్టర్ 2022లోనే మూడు డెస్క్‌టాపులకును స్థిరమైన ఆదరణ నిచ్చినది. ఒక్క మూలమునుండి ఫోనునకును బల్లయంత్రమునకును ప్రోగ్రాములను తీయవలసినచో ఇది పరిశీలింపదగినది.

మూడవ ప్రశ్నకు సమాధానము ఈ సాధనములలో దేనియందును లేదు. అది లెక్కలను దాచు పెట్టెయందున్నది. 2000లో రిచర్డ్ హిప్ రచించి సర్వజనుల సొత్తుగ విడిచిన ఎస్‌క్యూలైట్, మొత్తము దత్తాంశమును ఒక్క ఫైలులో నుంచును. ఒక లెక్క పూర్తిగ వ్రాయబడును, లేదా అసలే వ్రాయబడదు. కరెంటు నడుమ పోయిననాడు సగము వ్రాసిన వరుస మిగులుట యుండదు. తుపాను దినములలో స్తంభములు కూలి గంటలకొలది చీకటి క్రమ్ము తీరమున ఈ గుణము అలంకారము కాదు, ప్రాణావసరము. పైన చెప్పిన సాధనములన్నియు దీనితో పొందికగ పనిచేయును. ఆ ఒక్క ఫైలును పెన్‌డ్రైవులోనికి ప్రతి తీసి యుంచుకొన్నచో, ప్రోగ్రాము నశించినను లెక్క నశింపదు.

నాలుగవ ప్రశ్న మనుష్యులను గూర్చినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు స్వేచ్ఛా డెస్క్‌టాపులను తెనిగింప పూనుకొన్నప్పుడును, సీ-డ్యాక్ వారు బాస్ లినక్సులో తెలుగును చేర్చినప్పుడును, వారికి ఏ కర్తను ప్రాధేయపడవలసిన పని లేకపోయినది; మాటల పట్టిక తెఱచియున్నది, వారు నింపిరి. 'ఫీడ్ కన్వర్షన్ రేషియో' అనుటకు మాఱుగ 'కిలో రొయ్యకు పట్టిన మేత' అని తెరపై చూపించుటకు అట్టి తెఱచిన పట్టికయే కావలెను. క్యూట్, జీటీకే, లాజరస్ మూడింటియందును మాటలు మూలమునుండి వేఱుపడి ప్రత్యేకమైన పట్టికలో నిలుచు సౌకర్యమున్నది. ప్రోగ్రాము వ్రాయుట యెఱుగని పంతులుగారైనను ఆ పట్టికను దిద్దగలరు.

ఇన్నిటిని తూచిచూడగా నాకు తోచిన నిర్ణయము ఇది. విండోస్ 10గాని లినక్సుగాని యున్న యంత్రములపై, పైథాన్ నేర్చిన విద్యార్థులు అందుబాటులోనున్నచో, పైసైడ్ ద్వారా క్యూట్‌ను చేపట్టుట శ్రేయస్కరము. యంత్రములు పాతవై, ప్రోగ్రాము ఏండ్లతరబడి మార్పులేక నడువవలసినదైనచో, లాజరస్‌ను మించినది లేదు. ఇప్పటికే వెబ్ రూపమున నిర్మింపబడి, నిత్యము కనిపెట్టియుండు నిర్మాతలు గలదానికే ఎలక్ట్రాన్ తగును. లినక్సునకే పరిమితమగుదానికి జీటీకే, యంత్రముల సహజరూపమును కోరుదానికి డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్, నేర్చుకొనుటకు టీకే. ఏదైనను లెక్కలపెట్టె మాత్రము ఎస్‌క్యూలైట్.

కాని సాధనమును ఎన్నుకొన్నంతనే మన బాధ్యత తీఱదు. మూలము స్వేచ్ఛగలదైనను, అది నిర్మాత యంత్రమునందే యుండిపోయినచో గుంటగట్టున నున్న రైతునకు కలిగిన లాభమేమియు లేదు. కావున లెక్కల పుస్తకమును అప్పగించునప్పుడు దాని మూలమును, వాడిన సాధనపు కూర్పును, దానిని తిరుగ నిర్మించు విధమును వివరించు రెండు పుటల తెలుగు వ్రాతను, ఒక్క పెన్‌డ్రైవులో నుంచి చేతికీయవలెను. కొన్ని యేండ్ల తరువాత, నిర్మాతను ఎన్నడును చూడని నెల్లూరు విద్యార్థి యొకడు ఆ మూలమును తెఱచి, ఆ రెండు పుటలు చదివి, కౌంటు పట్టికలో రైతు కోరిన క్రొత్త వరుసను సాయంకాలములోపల చేర్చగలిగినచో, మనమెన్నిన సాధనము సరియైనదని అప్పుడే చెప్పవలెను.